కాసాబ్లాంకా చూశాను, నాకెందుకు ఎక్కలేదు?

కందిపప్పు_పచ్చడి
నిన్న రాత్రి మొత్తానికి కాసాబ్లాంకా చూసేశాను, అదే, 1942 నాటి హాలీవుడ్ సినిమా. పదేళ్ళుగా ప్రతి ఒక్కరూ ప్రేమకథంటే అదీ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే, సరే అని కూర్చున్నా. మొదటి అరగంట ఎవడు ఎవడో అర్థం కాలేదు. జేబుదొంగ, నల్లబజారు వ్యాపారి, లంచగొండి పోలీసు, జర్మన్ మేజరు, అందరూ మొరాకోలోని కాసాబ్లాంకా ఊళ్ళో, రిక్ అనేవాడి హోటల్లో. తర్వాత రిక్ పాత ప్రేయసి ఇల్సా వచ్చింది, పాట వచ్చింది, పారిస్ ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. అక్కడిదాకా బాగానే ఉంది.

నా బాధంతా క్లైమాక్స్‌తో. ఇల్సా వచ్చి ఏది మంచో నాకు తెలియట్లేదు, మనిద్దరి తరఫునా నువ్వే ఆలోచించు అంటుంది. రిక్ మహానుభావుడు ఆలోచించేసి, ఆవిడకి ముందు ఒక్క మాటైనా చెప్పకుండా, మొగుడి పక్కన నిలబెట్టి విమానం ఎక్కించేస్తాడు. లగేజీ ఎక్కించినట్టు. ఆవిడని ఎవరైనా అడిగారా అసలు? నాకే ఏదో అర్థం కాలేదా, లేక 80 ఏళ్ళుగా అందరూ మొహమాటానికి బాగుందంటున్నారా?

మంగళవారం_సెలవు
మొహమాటానికే. నేను మూడుసార్లు మొదలుపెట్టా, మూడుసార్లూ పారిస్‌లోనే నిద్రపోయా.

రీలుపెట్టె
సగం తప్పు సెన్సారుది. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో హేస్ కోడ్ అని ఒక నియమావళి ఉండేది. పెళ్ళయినావిడ మొగుణ్ణి వదిలేసి ప్రియుడితో వెళ్ళి సుఖపడిందని చూపిస్తే ఊరుకునేవాళ్ళు కాదు. పారిస్‌లో రిక్‌ని ప్రేమించేనాటికి, నాజీల మీద పోరాడే భర్త లాజ్లో చచ్చిపోయాడనే ఆవిడ నమ్మిందని కథలో జాగ్రత్తగా పెట్టింది అందుకే. కాబట్టి చివర్లో ఆవిడ మొగుడితోనే వెళ్ళాలి, అందులో పెద్ద సందేహం లేదు. ఎలా పంపాలన్నదే తలనొప్పి.

1942 మే 25న షూటింగ్ మొదలయ్యేనాటికి స్క్రిప్టు పూర్తి కాలేదు. ఎప్‌స్టీన్ కవలలు జూలియస్, ఫిలిప్ ఒక పక్క, హోవర్డ్ కోచ్ ఇంకో పక్క రాస్తున్నారు. ప్రేమ సన్నివేశాల్లో కేసీ రాబిన్సన్ చెయ్యి కూడా పడింది, టైటిల్స్‌లో మాత్రం పేరు లేదు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ వెళ్ళి, ఇంతకీ నేను ఇద్దరిలో ఎవర్ని ప్రేమిస్తున్నానండీ అంటే, మాకూ తెలీదు, మధ్యస్థంగా చేసెయ్ అన్నారట. తర్వాత ఆవిడే చాలాసార్లు చెప్పుకుంది. మీకు బుర్రలేనితనంలా కనిపించింది ఆ మధ్యస్థమే. నాకైతే సినిమా అంతా అక్కడే ఉంది. ఎటూ తేల్చుకోలేని మనిషి మొహం ఎలా ఉంటుందో ఆవిడ నిజంగానే తేల్చుకోలేక చూపించింది.

ఉప్పుచేప
రీలుపెట్టె గారూ, పేజీలు లేటయ్యాయి, సెన్సారు ఒప్పుకోదు, ఇవన్నీ నిర్మాత కష్టాలు. చూసేవాళ్ళకి వాటితో ఏం పని? కూర మాడితే గ్యాస్ బండ మీద నెట్టేసినట్టుంది.

నేను కందిపప్పు పక్షం. అయితే నాకు కోపం వచ్చింది విమానం దగ్గర కాదు, అంతకుముందు. ఇల్సా అర్ధరాత్రి రిక్ గదికి తుపాకీ తీసుకుని వస్తుంది. ఊరు దాటించే కాగితాలివ్వు, లేకపోతే కాలుస్తానంటుంది. సినిమా మొత్తంలో ఆవిడ సొంతంగా చేసిన పని అదొక్కటే. రెండు నిమిషాల్లో చెయ్యి దిగిపోయింది, కళ్ళలో నీళ్ళు, కౌగిలింత, ఇక నువ్వే ఆలోచించు. తుపాకీ పట్టుకుని మెట్లెక్కిన మనిషి అక్కడే అయిపోయింది.

అత్తగారి_రిమోట్
అయినా ఇద్దరు మగాళ్ళ మధ్య ఏం తేల్చుకోవాలట. ఒకడు ఎప్పుడూ దేశమే అంటాడు, ఇంకొకడు ఎప్పుడూ గ్లాసే పట్టుకుంటాడు. నేనైతే ఆ పోలీసు కెప్టెన్ రెనోతో వెళ్ళిపోయేదాన్ని. కనీసం నవ్విస్తాడు.

మంగళవారం_సెలవు
రెనోకి నా ఓటు కూడా. జూదం ఆడుతున్నారా ఇక్కడ, ఎంత ఘోరం అని హోటలు మూయిస్తాడు, అదే నిమిషంలో జూదం బల్ల దగ్గరివాడు వచ్చి మీరు గెల్చిన డబ్బులు సార్ అని చేతిలో పెడతాడు. మా ఊరి పేకాట క్లబ్బు మీద రైడ్ జరిగినప్పుడల్లా నాకు ఈ సీనే గుర్తొస్తుంది.

నల్లకోటు
నాకు ఎక్కనిది వేరే. కథంతా రెండు ట్రాన్సిట్ లెటర్ల చుట్టూ తిరుగుతుంది. ఎవరూ ప్రశ్నించకూడదట, రద్దు చెయ్యడానికి వీల్లేదట, పేరు రాసుకుంటే చాలట. అలాంటి కాగితం ఏ దేశంలోనూ లేదు. మరే బర్నెట్, జోన్ ఆలిసన్ అని ఇద్దరు రాసిన నాటకం దీనికి మూలం. స్టేజీ ఎక్కకుండానే వార్నర్ వాళ్ళు 20,000 డాలర్లకి కొన్నారు. ఆ కాగితాలు అందులోంచి వచ్చిన కల్పన. పైగా నాజీ మేజరు లాజ్లోని పట్టుకోవడానికే కాసాబ్లాంకా దాకా వచ్చాడు. అలాంటివాడు ఒక సంతకం చూసి సరే బాబూ వెళ్ళిరా అంటాడా?

నిజంగా ఉన్న గొడవ ఎగ్జిట్ వీసాలది. 1940 జూన్‌లో ఫ్రాన్స్ చేతులెత్తేశాక మొరాకో విషీ ప్రభుత్వం, అంటే జర్మన్లకి లొంగిన ఫ్రెంచ్ ప్రభుత్వం కిందే ఉండిపోయింది. బయటపడాలంటే దేశం వదలడానికి అనుమతి, దారిలో పోర్చుగల్ ట్రాన్సిట్ వీసా, చివరికి చేరే దేశం వీసా, ఓడ టికెట్. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు అయిపోయేది. మళ్ళీ మొదటికి. సినిమావాళ్ళు ఈ చిక్కంతా రెండు కాగితాల్లోకి కుదించారు. లాయరుగా ఒప్పుకోను, కథకుడైతే నేనూ అదే చేసేవాణ్ణి.

న్యూజెర్సీ_పక్కింటోడు
నల్లకోటు అన్నా, నీ రెండో పేరా చదువుతుంటే చెమటలు పట్టాయి. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వచ్చి ఆరు వారాలు ఇరుక్కుపోయా ఒకసారి. అక్కడ అపార్ట్‌మెంట్ అద్దె కడుతున్నా, ఇక్కడ అమ్మ రోజూ పప్పుచారు పెడుతోంది, నాకు ముద్ద దిగేది కాదు. పొద్దున్నే లేచి స్టేటస్ చూడటం, మారకపోతే మళ్ళీ పడుకోవడం. ఆ టైంలోనే ఈ సినిమా చూశా. రిక్, ఇల్సా నాకు పట్టలేదు. ఆ హోటల్లో ప్రతి టేబుల్ దగ్గరా ఎవడో ఒకడు గుసగుసగా రేటు అడుగుతుంటాడు చూడండి, ఒకావిడ వజ్రాలు అమ్మబోతే ఇప్పుడు ఊరంతా వజ్రాలేనమ్మా అంటాడు కొనేవాడు. నా మొహం అక్కడ కనిపించింది.

మంగళవారం_సెలవు
అంటే రిక్ కేఫే అప్పట్లో చిలుకూరు అన్నమాట. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108.

న్యూజెర్సీ_పక్కింటోడు
నవ్వకు. 11 చేశాను. వచ్చాక 108 కూడా చేశాను. ఎర్రటి ఎండలో.

సగం_చదివిన_పుస్తకం
పక్కింటోడు గారు చెప్పిన టేబుళ్ళ దగ్గరే నా ప్రాణం ఉంది ఈ సినిమాలో. ఆ టేబుళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళు నటిస్తున్నారని పూర్తిగా అనలేం. టైటిల్స్‌లో పేరు పడ్డ 14 మంది నటుల్లో అమెరికాలో పుట్టినవాళ్ళు ముగ్గురే: హంఫ్రీ బోగార్ట్, పియానో వాయించే సామ్‌గా వేసిన డూలీ విల్సన్, బల్గేరియా అమ్మాయిగా వేసిన జాయ్ పేజ్. మిగతావాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, చాలామంది హిట్లర్ దెబ్బకి వచ్చినవాళ్ళు.

రూలెట్ చక్రం తిప్పే ఎమిల్ గుర్తున్నాడా? మార్సెల్ డాలియో. ఫ్రాన్సులో అప్పటికే పెద్ద నటుడు, యూదుడు. రిక్ వదిలేసిన ప్రియురాలు ఇవాన్‌గా వేసిన మాడ్లీన్ లెబో ఆయన భార్య. 1940లో జర్మన్లు వస్తుంటే ఇద్దరూ పారిస్ వదిలి లిస్బన్ చేరారు. నానా తంటాలు పడి చిలీ వీసాలు కొనుక్కుని ఓడెక్కారు. ఓడ మెక్సికో చేరాక తేలింది, ఆ వీసాలు దొంగవి. చివరికి కెనడా తాత్కాలిక పాస్‌పోర్టులతో గట్టెక్కారు. నల్లకోటు గారూ, ట్రాన్సిట్ లెటర్లు నమ్మేలా లేవన్నారు, సెట్‌లో నిజం కథ అంతకన్నా నమ్మేలా లేదు.

నాజీ మేజరు స్ట్రాసర్‌గా వేసిన కాన్రాడ్ ఫైట్ స్వయంగా జర్మన్. భార్య యూదురాలు. 1933లో దేశం వదిలాడు. పారిపోయి వచ్చినవాడికి హాలీవుడ్ ఇచ్చింది నాజీ వేషాలు. సినిమా విడుదలైన కొద్ది నెలలకే, 1943 ఏప్రిల్‌లో, 50 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. హెడ్ వెయిటరు కార్ల్, బుగ్గల తాతయ్య, హంగరీ నుంచి వచ్చిన సకాల్. ఆయన అక్కచెల్లెళ్ళు ముగ్గురు నాజీ క్యాంపుల్లో పోయారు. దర్శకుడు మైకేల్ కర్టీజ్ కూడా బుడాపెస్టు మనిషే.

అత్తగారి_రిమోట్
ఇవన్నీ తెలీకుండా ఆ కార్ల్‌ని చూసి నవ్వుతూ కూర్చున్నా. అయ్యో.

మంగళవారం_సెలవు
కర్టీజ్ ఇంగ్లీషు గురించి ఒకటి చెప్పుకుంటారు. సెట్లో నాకు పూడుల్ కావాలి అన్నాడట. వెతికి వెతికి ఒక బుల్లి కుక్కని తెచ్చారట. ఆయన అడిగింది పడిల్, అంటే నేల మీద నీళ్ళ మడుగు. మా తెలుగు మీడియం బ్యాచ్ తరఫున ఆయనకి వందనం.

హార్మోనియం_పెట్టె
పాట గురించి ఎవరూ ఎత్తలేదు. యాజ్ టైమ్ గోస్ బై ఈ సినిమా కోసం రాసింది కాదు. హెర్మన్ హప్‌ఫెల్డ్ 1931లో రాశాడు. సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్‌కి అది నచ్చలేదు, తీసేసి సొంత పాట పెడతానన్నాడు. పెట్టాలంటే ఇల్సా సీన్లు మళ్ళీ తియ్యాలి. ఈలోగా బెర్గ్‌మన్ తర్వాతి సినిమా కోసం జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది. అలా పాట బతికిపోయింది. ఒక మంగలి కత్తెర చేసిన మేలు.

స్టైనర్ అలిగి వదిలెయ్యలేదు, అదీ గొప్ప. నచ్చని పాటనే తీసుకుని సినిమా అంతా వెనకాల నడిపాడు. రిక్ ఇల్సాని చూసిన క్షణం వినండి, సామ్ గొంతులో ఉన్న ఆ తీపి పాటే ఒక్కసారిగా ఆర్కెస్ట్రాలో గాయంలా వినిపిస్తుంది.

ఇంకో ముచ్చట. డూలీ విల్సన్‌కి పియానో రాదు. ఆయన డ్రమ్మరు. ఇంకొకరు వాయిస్తుంటే చూస్తూ చేతులు కదిపాడు. గొంతు మాత్రం ఆయనదే.

మంగళవారం_సెలవు
ప్లే ఇట్ అగైన్ సామ్ అని మా కాలేజీలో ఒకడు రోజూ అనేవాడు.

హార్మోనియం_పెట్టె
ఆ మాట సినిమాలో ఎక్కడా లేదు. ఇల్సా ప్లే ఇట్ సామ్ అంటుంది, అంతే. లేని డైలాగుతోనే సినిమా లోకమంతా తిరిగింది.

ఉప్పుచేప
సామ్ మాట వచ్చింది కాబట్టి. ఇల్సా రాగానే పియానో వాయిస్తున్న ఆ కుర్రాడు ఎవరు అని అడుగుతుంది. డూలీ విల్సన్‌కి అప్పటికి యాభై దాటి ఐదారేళ్ళు. నల్లవాడైతే యాభై దాటినా కుర్రాడే. పారిస్ నుంచి రిక్ వెంట వచ్చింది, వానలో స్టేషన్‌లో ఉత్తరం తెచ్చిచ్చింది, తెల్లవార్లూ తాగేవాడికి కాపలా కాసింది సామ్. చివర్లో హోటల్‌తో పాటు ఆయన్నీ బేరం పెట్టేసి వెళ్ళిపోతాడు రిక్. పది, పాతిక శాతం వాటా అని హోటలు కొనే ఫెరారీతో మాట్లాడుకుంటాడు. వీడ్కోలు కూడా లేదు.

రీలుపెట్టె
అది నిజం. దానికి నా దగ్గర సమర్థన లేదు. సామ్‌కి ఒక వీడ్కోలు సీను ఉండాల్సింది.

కానీ ఉప్పుచేప గారూ, ఫ్రాన్స్ జాతీయగీతం మార్సెయేజ్ పాడే సీను కూడా మిమ్మల్ని కదిలించలేదా? జర్మన్ అధికారులు పియానో చుట్టూ చేరి వాళ్ళ పాట గట్టిగా పాడుతుంటారు. లాజ్లో మేడ మీద నుంచి విసవిసా దిగొచ్చి బ్యాండు వాళ్ళతో మార్సెయేజ్ వాయించండి అంటాడు. వాళ్ళు వాయించరు, రిక్ వైపు చూస్తారు. రిక్ తల చిన్నగా ఊపుతాడు. అంతే, ఒక్క ఊపు. ఎవరి కోసమూ నా మెడ పణంగా పెట్టను అని తిరిగిన మనిషి అక్కడితో మారిపోయాడు. ఇవాన్‌ని చూడండి, ఆ సాయంత్రం జర్మన్ ఆఫీసరు చెయ్యి పట్టుకుని వచ్చింది. పాట వచ్చేసరికి చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటే గొంతెత్తి పాడుతుంది. దొంగ వీసాతో ఓడెక్కిన ఆ అమ్మాయే. పుస్తకం గారి పోస్టు చదివాక ఇంకోసారి చూడండి.

ఉప్పుచేప
కదిలించింది. ఒళ్ళు గగుర్పొడిచింది కూడా. అందుకే ఆలోచించాల్సి వస్తుంది. ఆ హోటల్ ఎక్కడుంది? మొరాకోలో. ఫ్రాన్స్ స్వేచ్ఛ కోసం అంత గొంతెత్తి పాడుతున్నది ఫ్రాన్స్ పట్టుకున్న దేశంలో. మొరాకోవాళ్ళు సినిమాలో ఉన్నారా? ఫెజ్ టోపీ పెట్టుకుని తలుపు తీస్తారు, బజారులో వస్తువులు అమ్ముతారు. వాళ్ళకి స్వాతంత్ర్యం వచ్చింది 1956లో. ఊరైనా నిజమా అంటే అదీ కాదు, కాలిఫోర్నియాలో వార్నర్ స్టూడియోలో వేసిన సెట్టు.

షూటింగ్ ముగిసింది 1942 ఆగస్టు 3న. ఐదు రోజులకి బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. 1943 జనవరి 23న సినిమా అమెరికా అంతా విడుదలయ్యేటప్పుడు చర్చిల్, రూజ్‌వెల్ట్ నిజం కాసాబ్లాంకాలోనే సమావేశంలో ఉన్నారు, వార్నర్ వాళ్ళకి ఫ్రీ పబ్లిసిటీ. అదే చర్చిల్ ప్రభుత్వం గాంధీని ఆగాఖాన్ ప్యాలెస్‌లో పెట్టి ఉంచింది. మనం ఈ సినిమా చూసేటప్పుడు ఏ టేబుల్ దగ్గర కూర్చుని చూస్తున్నామన్నది కూడా ఒక ప్రశ్నే.

నల్లకోటు
ఈ థ్రెడ్‌లో నేను కాపీ చేసి పెట్టుకునే పోస్టు ఇదే.

మంగళవారం_సెలవు
మనం తలుపు దగ్గర, ఫెజ్ టోపీ పెట్టుకుని.

తాతగారి_ట్రంకు
ఎప్పుడూ చదివి పోయేవాణ్ణి, ఇవాళ రాయాలనిపించింది. మాది శ్రీకాకుళం జిల్లా. మా పక్క రంగం వెళ్ళడం అంటే రంగూన్ వెళ్ళడం. ఇంటికొకరు వెళ్ళారు ఆ రోజుల్లో. మా ముత్తాత అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు.

సినిమాలో రిక్ ఒక చీటీ మీద సంతకం పెడతాడు, తేదీ 1941 డిసెంబర్ 2. అక్కడ నేను ఆపేశాను. ఆ నెలలోనే, 23న, రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మా ముత్తాత రోజుల తరబడి రేవుకి వెళ్ళి వచ్చేవాడట. డబ్బు నడుముకి కట్టుకున్నాడు, ఓడ టికెట్టు మాత్రం చేతికి రాలేదు. ముందు ఎవరికి ఇవ్వాలో వాళ్ళకి ఇచ్చారు. చివరికి వేలమందితో కలిసి అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు నడిచాడు. వెంట తమ్ముడు బయల్దేరాడు. దారిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ముత్తాత ఒక్కడే వచ్చాడు. ఇక్కడికి వచ్చేసరికి ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయని జనం బండ్లు కట్టుకుని పల్లెలకి పోతున్నారు.

ఆయన తెచ్చిన ట్రంకు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. నడిచొచ్చినవాడు ట్రంకు ఎలా తెచ్చాడని చిన్నప్పుడు అడిగితే నానమ్మ నవ్వేది. చిట్టగాంగ్‌లో కొన్నాడట, ఉత్త చేతులతో ఇంటికి రావడం నామోషీ అని. ఖాళీ ట్రంకు.

కాసాబ్లాంకాలో లిస్బన్ విమానం తల మీద నుంచి పోతుంటే అందరూ తలెత్తి చూస్తారు. ఆ షాటు దగ్గర నాకు ప్రేమా దోమా ఏమీ గుర్తుండవు.

అత్తగారి_రిమోట్
ఆ ఖాళీ ట్రంకు దగ్గర ఆగిపోయా.

సగం_చదివిన_పుస్తకం
మీ పక్కవాళ్ళని బర్మావాళ్ళు కొరంగీలు అనేవాళ్ళని విన్నాను, కోరంగి రేవు పేరు మీద. ఆ నడకల గురించి తెలుగులో రావాల్సినంత రాలేదు. మీరు రాయండి దయచేసి, ఇక్కడే అయినా.

తాతగారి_ట్రంకు
నానమ్మ ఉన్నప్పుడు అడిగి ఉండాల్సింది. ముక్కలే మిగిలాయి నా దగ్గర.

రీలుపెట్టె
మీ ముత్తాత వాళ్ళు ఆ కొండల దారిన నడిచి వచ్చిన ఏడాదిలోనే బర్‌బాంక్‌లో, ఆ వార్నర్ స్టూడియోలో, ఈ సినిమా తీశారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకోలేదు నేను.

కందిపప్పు_పచ్చడి
రెండ్రోజులు ఇటు రాలేదు, వచ్చేసరికి ఇంత పోగుపడింది. ట్రంకు గారి పోస్టు అమ్మకి చదివి వినిపించా. తర్వాత అమ్మతో కలిసి సినిమా ఇంకోసారి చూశా.

ఇల్సా విషయంలో నా కోపం అలాగే ఉంది, ఒక్క అంగుళం తగ్గలేదు. అయితే ఒకటి గమనించా. మొదటిసారి ఎవడు ఎవడో అర్థం కాలేదు అని విసుక్కున్న అరగంటే ఈసారి గబగబా అయిపోయింది. బల్గేరియా జంట దగ్గర అమ్మ అస్సలు కదల్లేదు. వీసాకి డబ్బుల్లేవు, ఆ పిల్ల కెప్టెన్ రెనో దగ్గరికి వెళ్ళాలా వద్దా అని రిక్‌ని సలహా అడుగుతుంది. రిక్ ముందు కసురుకుంటాడు, తర్వాత వెళ్ళి ఆ కుర్రాడితో 22 మీద పెట్టు అంటాడు. గెలుస్తాడు. మళ్ళీ 22 అంటాడు. మళ్ళీ గెలుస్తాడు. డబ్బు తీసుకుని ఇంకెప్పుడూ ఇటు రాకు అంటాడు. ఎమిల్ మొహం చూడాలి అప్పుడు.

రెనోతో వెళ్ళిపోతానన్న అత్తగారి రిమోట్ గారూ, వీసాకి అతను అడిగే రేటు అదీ.

అత్తగారి_రిమోట్
అవును కదా. ఓటు వెనక్కి తీసుకున్నా.

మంగళవారం_సెలవు
నేను తీసుకోను. నాది బ్యాలెట్ బాక్సులో పడిపోయింది.

నల్లకోటు
ఆఖరి విమానం బొమ్మదని తెలుసా ఎవరికైనా? అసలు సైజుది పెట్టే వీల్లేక చిన్న నమూనా నిలబెట్టి, దాని చుట్టూ పొట్టివాళ్ళని మెకానిక్‌లుగా తిప్పారు, దూరంగా పెద్ద విమానం ఉన్నట్టు కనిపించాలని. అతుకులు కనపడకుండా పొగమంచు. మన జానపద సినిమాల్లో కోటలు కట్టినట్టే.

మంగళవారం_సెలవు
బోగార్ట్ కూడా ఎత్తు మడమల బూట్లు వేసుకున్నాడట, బెర్గ్‌మన్ పొడుగని. విమానం పొట్టి, హీరో పొట్టి, పొగమంచు ఒక్కటే నిజం.

రీలుపెట్టె
పొగమంచు కూడా సెట్లో వదిలిందే బాబూ. ఆఖరి డైలాగు, రెనోతో స్నేహం మొదలవుతోందన్న మాట, అది కూడా షూటింగ్ అయిపోయాక బోగార్ట్‌ని మళ్ళీ పిలిచి చెప్పించారు. వీపు చూపిస్తూ నడుస్తుంటారు కాబట్టి పెదాలతో పేచీ లేదు.

సగం_చదివిన_పుస్తకం
పశ్చిమ జర్మనీలో 1952లో విడుదల చేసినప్పుడు ఇంకా పెద్ద మాయ చేశారు. నాజీలున్న సీన్లన్నీ కత్తిరించేశారు. లాజ్లో నార్వే శాస్త్రవేత్త అయిపోయాడు. మార్సెయేజ్ సీను ఎగిరిపోయింది.

ఉప్పుచేప
నాజీలు లేని కాసాబ్లాంకా. ఉప్పు లేని ఉప్పుచేప.

న్యూజెర్సీ_పక్కింటోడు
కందిపప్పు గారూ, రెండోసారి చూశారు కదా, కార్ల్ దగ్గర కూర్చున్న ముసలి దంపతులని పట్టుకున్నారా? అమెరికా వెళ్తున్నామని ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటుంటారు, అలవాటు కావాలని. టైమెంత అని అడగడానికి ఆయన వాట్ వాచ్ అంటాడు. ఆవిడ చూసి టెన్ వాచ్ అంటుంది. ఆయన ఆశ్చర్యపోయి సచ్ మచ్ అంటాడు. కార్ల్ మొహం చిట్లించకుండా, మీరు అమెరికాలో దివ్యంగా నెగ్గుకొస్తారు అంటాడు.

మా అమ్మ మొదటిసారి వచ్చేముందు నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు వేషం వేసేవాడు. ఇంగువ డబ్బా స్టాంపు. పర్పస్ ఆఫ్ విజిట్ అనేవాడు. అమ్మ నిలబడి, చీర సర్దుకుని, డాటర్ ఇన్ లా డెలివరీ సార్ అనేది. హౌ లాంగ్ అంటే, ఫైవ్ మంత్స్ సార్, పచ్చళ్ళు లేవు సార్ అనేసేది, అడక్కుండానే.

అత్తగారి_రిమోట్
ఉన్నాయా మరి?

న్యూజెర్సీ_పక్కింటోడు
నాలుగు కేజీలు. ఆవకాయ రెండు, గోంగూర ఒకటి, మాగాయ ఒకటి.

కందిపప్పు_పచ్చడి
సచ్ మచ్!